పోటీ పార్టీ

తాడేపల్లిగూడెంలో చూసిన మొదటి ఇంట్లో తేనెటీగలు తరిమాయి. దెందులూరులో రెండో ఇంటి బాత్రూము గడియ నా చేతికే ఊడివచ్చి నేను లోపల ఉండిపోయాను. బాబీ బయటినుంచి తలుపు తన్ని తెరిచేలోపు వెంటిలేటరులోంచి ఒక ఉడుము నన్నే చూస్తూ కూర్చుంది.

"గాలీ వెలుతురూ బాగా వస్తాయండి ఈ బాత్రూములోకి," అన్నాడు బాబీ, విరిగిన చెక్కలు ఏరుతూ.

బాబీ బ్రోకరు. అప్పు తీరక బ్యాంకులు జప్తు చేసి వేలానికి పెట్టిన ఇళ్ళు చూపించడం అతని పని. చూడడానికి వచ్చేవాళ్ళని పార్టీలు అంటాడు. కప్పు కారే ఇల్లు అతని నోట చల్లటి ఇల్లు. మెట్లు కూలిన ఇల్లు పిల్లలు పైకెక్కి పడిపోయే భయం లేని ఇల్లు. మామూలు రోజుల్లో అయితే నేను కూడా నవ్వుకునేవాణ్ణి.

నేను ఇల్లు కొనడానికి రాలేదు. మంగళవారం ఇదే కారులో, ఇదే వరసలో ఈ మూడు ఇళ్ళూ చూడడానికి బయలుదేరిన తోమా మాస్టారు ఇంటికి తిరిగి రాలేదు. ఈరోజు గురువారం. మాస్టారు ఏలూరులో ఒక మిషన్ స్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరయ్యారు. ఆయన కూతురు పెర్సిస్ నర్సు. నిన్న పొద్దున్న నైటు డ్యూటీ బట్టల్లోనే మా గుమ్మం ఎక్కింది.

"నాన్నగారికి రెండు పూటలా ఇన్సులిన్ పడాలండి. ఇంటికి వచ్చేస్తాను కదా అని మందు తీసుకెళ్ళలేదు. పోలీసులు ఫోను ఎక్కడుందో వెతుకుతున్నారండి. ఫోనుకి షుగరు లేదు కదండీ," అంది.

ఆ మాట తరవాత నేను కాదనలేకపోయాను. ఇన్సూరెన్సు కంపెనీలో ముప్పై ఏళ్ళు క్లెయిములు విచారించి, రిటైరయ్యాక ఇంటిముందు డిటెక్టివ్ జయకృష్ణ అని బోర్డు పెట్టుకున్నాను గాని, నాకు పుట్టుకతో భయం ఎక్కువ. మా ఆవిడ సుగుణ ఉన్నన్నాళ్ళూ ఇంట్లో బల్లి పడినా ఆమెనే పిలిచేవాణ్ణి. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు బల్లులకి నేనే దారి ఇస్తున్నాను.

మంగళవారం ఏది ఎలా జరిగిందో అది అలాగే జరపాలని బాబీతో చెప్పాను. అందుకే ఈ తేనెటీగలు, ఈ ఉడుము. కారు కొల్లేటి వైపు చేపల చెరువుల గట్టు ఎక్కింది. దెందులూరు ఇంటి పక్కావిడ మా అవతారాలు చూసి ఇచ్చిన మజ్జిగ తాగాక కొంచెం కుదుటపడ్డాను. అడగాల్సిన ప్రశ్నలు అప్పుడు అడిగాను.

"మూడో ఇంట్లో మాస్టారు ఎంతసేపు ఉన్నారు?"

"అరగంట ఉంటారండి."

"అందులో నువ్వు ఆయన పక్కన ఉన్నది?"

బాబీ గేరు మార్చాడు. మార్చాల్సిన చోటు కాదు అది.

"ఫోనొచ్చిందండి. ఆ ఇంట్లో సిగ్నలు ఉండదు. గట్టు మీదికి నడుచుకుంటూ వెళ్ళి మాట్లాడానండి."

"తిరిగొచ్చేసరికి?"

"మాస్టారు లేరండి. ఇల్లు నచ్చలేదట. పాల వ్యాను వస్తే ఎక్కి వెళ్ళిపోయారట."

"వెళ్ళారట అంటున్నావు. ఎవరు చెప్పారు?"

"ఇంకో పార్టీ ఉన్నారండి. వాళ్ళు చెప్పారు."

"పోలీసులకి ఇంకో పార్టీ సంగతి చెప్పావా?"

"లేదండి."

"ఆ పార్టీ పేరు?"

కారు ఆగిపోయింది. బాబీ స్టీరింగు మీద చేతులు పెట్టి ముందుకి చూస్తూ కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది మా లైనులో అందరూ చేసేదేనండి. పార్టీ ఒక్కడే వచ్చాడనుకోండి, ఇంటికెళ్ళి పది రోజులు ఆలోచిస్తాడు. ఇంకొకడెవడో పక్కన నిలబడి, అబ్బ ఎంత బాగుందండీ, రేపే బయానా ఇచ్చేస్తాను అన్నాడనుకోండి, ఆ సాయంత్రానికే మనకి ఫోను చేస్తాడు. అందుకని పోటీ పార్టీ అని ఒకణ్ణి పెట్టుకుంటామండి. నాకు పెంటపాడులో అబ్బులు అని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి మెచ్చుకుని వెళ్తాడు. రెండేళ్ళలో గూడెంలో వాడు మెచ్చుకోని గోడ లేదండి."

"మంగళవారం వచ్చింది అబ్బులా?"

"కాదండి. వాడికి జ్వరం. వేరేవాణ్ణి చూసి పంపుతానని ముందురోజు రాత్రి చెప్పాడు. మేం వెళ్ళేసరికి ఆ వేరేవాడు ముందే వచ్చి మెట్ల మీద ఉన్నాడండి. మొహానికి మాస్కు, తలకి టోపీ. దుమ్ము కదండీ, మా పార్టీలకి నేనే మాస్కులిస్తాను. నేను కన్ను కొట్టి, మీరు ముందే చూశారు కదండీ, మాస్టారికి కొంచెం పైన చూపించండి అన్నాను. చాలా బాగా చేశాడండి. అబ్బులు కన్నా సహజంగా చేశాడు."

"ఏ బండి మీద వచ్చాడు?"

"చూళ్ళేదండి."

"కూలి అడిగాడా?"

బాబీ నా వైపు తిరిగాడు. "అడగలేదండి. అబ్బులు దగ్గర తీసుకుంటాడు కాబోలనుకున్నాను."

"అబ్బులు ఏమంటున్నాడు?"

"ఫోను తియ్యట్లేదండి."

అబ్బులు నంబరు తీసుకుని నేనూ చేశాను. మోగింది, ఎవరూ తీయలేదు. కూలి అడగని కూలివాడు నా ముప్పై ఏళ్ళ సర్వీసులో తగలలేదు. ఎండ మండిపోతున్నా కిటికీ అద్దం పైకి ఎత్తేశాను.

మూడో ఇల్లు చెరువుల మధ్య ఒంటరి డాబా. బ్యాంకు వాళ్ళు ముందు తలుపుకి తాళం వేసి, గుడ్డ చుట్టి లక్క ముద్ర వేశారు. వంటింటి తలుపుకి ఉన్న పాత తాళం చెవి బాబీకి ఇచ్చారు; ముందే వచ్చి ఉండడానికి ఇంకో చెవి అబ్బులుకి ఇచ్చానన్నాడు. దీనికి ఏడాదిగా పార్టీ దొరకలేదట.

"నైరుతిలో వీధి గుమ్మం, ఈశాన్యంలో మెట్లు అండి. ఓ సిద్ధాంతి గారైతే గేటు దగ్గర కారు కూడా దిగలేదు. అందుకని మా క్రైస్తవ పార్టీలకే చూపిస్తున్నానండి. మాకు ఈశాన్యంతో ఏం పనండి," అంటూ బాబీ వంటింటి తలుపు తెరిచి, ఉన్నచోటే ఆగిపోయాడు. తరవాత అతని మొహం వెలిగింది. నా చెవిలో అన్నాడు: "అడుగోనండి. మంగళవారం వచ్చినవాడే. అబ్బులు మళ్ళీ పంపినట్టున్నాడు."

హాల్లోంచి పైకి వెళ్ళే మెట్ల మధ్యలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి. నీలం చొక్కా, మాస్కు, టోపీ.

"నమస్కారమండి," అన్నాడు. "మీరూ ఇల్లు చూడ్డానికేనా అండి? మంచి ఇల్లండి."

"మీరు ఇంతకుముందు కూడా వచ్చారటగా," అన్నాను.

"ఆయ్. మళ్ళీ చూడాలనిపించిందండి."

"మంగళవారం మీతో ఒక పెద్దాయన పైకి వచ్చారు."

"వచ్చారండి. పాల వ్యాను ఎక్కి వెళ్ళిపోయారు."

"ఏ రంగు వ్యాను?"

"తెల్లదండి."

"ఇంట్లోనే ఉన్నారు కదా మీరు, ముందు తలుపుకి సీలు. గట్టు మీద వ్యాను రంగు కనిపించిందా?"

"పాల వ్యాన్లు తెల్లగానే ఉంటాయి కదండీ," అన్నాడు. గొంతులో పొగరు లేదు. అలిసిపోయిన గొంతు.

నేను హాలు చూశాను. ఫ్యాన్లు విప్పుకుపోయారు. స్విచ్చి బోర్డుల చోట గోడకి కన్నాలు. వంటింట్లో సింకు కూడా లేదు. నేలంతా మందంగా దుమ్ము, కానీ మెట్ల మీద మాత్రం దుమ్ము రెండు అంచులకే ఉంది. మధ్యలో రాయి నున్నగా కనిపిస్తోంది. ఎవరో రోజూ ఎక్కి దిగుతున్నారు. నాలుగు అడుగులు ఎక్కేసరికి ఒక పలక ఊగి నేను తూలాను. అతను నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ పలకని కాలితో తడమకుండా, కిందికి చూడకుండా దాటి పై మెట్టు మీద అడుగు వేశాడు.

సరిగ్గా అప్పుడు బయట జీపు ఆగింది.

ఎస్సై శ్రీహర్ష వంటింటి గుమ్మంలోంచి వచ్చాడు. కుర్రవాడు, చురుకైనవాడు. నిన్న స్టేషన్లో నన్ను కూర్చోమనలేదు, నేను కూర్చున్నాక లెమ్మనలేదు కూడా. అది మర్యాద కిందే లెక్క వేసుకున్నాను.

"నా అనుమానితుణ్ణి వేసుకుని షికార్లు తిరుగుతున్నారా డిటెక్టివ్ గారూ?"

"అరగంట ఇవ్వండి ఎస్సై గారూ. తరవాత నేనే తీసుకొస్తాను."

"మాస్టారి ఫోను మంగళవారం రాత్రి రాజమండ్రి దాటింది. తెల్లారేసరికి శ్రీకాకుళం. అక్కడ ఆగిపోయింది. మీరేమో ఇక్కడ గోడలు చూస్తున్నారు."

"రెండు పూటలా సూది వేసుకునే పెద్దాయన రాత్రంతా ఒక్కచోట కూడా దిగకుండా వెళ్తారా? ఈ గట్ల మీంచి చేపల లారీలు రోజూ అదే దారిన పోతాయి. వెళ్ళింది ఫోను. మనిషి కాదు."

శ్రీహర్ష నవ్వాడు. "అయితే ఫోను లారీలో పడేసింది మీ బాబీయే. ఇద్దరం ఒకే మాట మీదికొచ్చాం, సంతోషం. నడవరా."

"అండీ, నాకేం తెలియదండి," అన్నాడు బాబీ. తాళాల గుత్తి చేతిలోంచి జారి కింద పడింది.

"అతను లేకపోతే నాకు ఈ ఇంట్లో ఏదీ తెలియదు," అన్నాను.

"మీరు ఇన్సూరెన్సు వాళ్ళు. పోయినవాళ్ళ దగ్గర డబ్బు మిగల్చడం మీ పని. బతికున్నవాళ్ళ సంగతి నాకు వదిలెయ్యండి." అతని చూపు మెట్ల మీదికి వెళ్ళింది. "ఆయనెవరు?"

"పార్టీ అండి," అన్నాడు బాబీ, అలవాటుగా.

"ఈ ఇల్లు కొనకండి సార్," అన్నాడు శ్రీహర్ష ఆ మనిషితో. "దీని ఓనరు చెరువుల్లో నష్టపోయి ఉప్పుటేట్లో దూకేశాడు. శవపంచనామా నా చేత్తోనే రాశాను. వారం నీళ్ళలో ఉన్న శవం, మొహం లేదు. భార్య బిందు గారు వేలి ఉంగరం చూసి గుర్తుపట్టి నా కాళ్ళ మీద పడిపోయింది. ఇప్పటికీ కళ్ళలో తిరుగుతుంది నాకు."

"అలాగాండీ," అన్నాడు మాస్కు మనిషి. "పాపం."

ఆ సమయంలో ఈ మనిషి సంగతి ఎస్సైకి చెప్పేయాల్సింది. చెప్పలేదు. వీడెవడో కూలికి వచ్చినవాడు, అబద్ధం ఆడుతున్నాడు, స్టేషనుకి తీసుకెళ్ళి నాలుగు తగిలిస్తే ఇక నోరు విప్పడు, నేనైతే మెల్లగా అడిగి రాబట్టగలను అనుకున్నాను. బాబీని ఎక్కించుకున్న జీపు శబ్దం దూరమైపోయాక ఇంట్లో నిశ్శబ్దం నన్ను కమ్ముకుంది. బాబీ కారు బయటే ఉంది. నాకు కారు నడపడం రాదు.

"పైన చూద్దురుగాని రండి," అన్నాడతను.

వెళ్ళాను. కాళ్ళు వద్దంటున్నాయి. పెర్సిస్ మాట వెళ్ళమంటోంది.

పైన రెండు గదులు. ముందు గది ఖాళీ. కిటికీకి చెక్కలు కొట్టేసి ఉన్నాయి. "పొద్దున్నే ఎండ సరిగ్గా ఈ మూల పడుతుందండి. చదువుకోడానికి బాగుంటుంది," అన్నాడు అతను. చెక్కలు కొట్టిన కిటికీలోంచి ఎండ ఏ మూల పడుతుందో చూడ్డానికి వచ్చినవాడికి ఎలా తెలుస్తుంది? అడగలేదు. అవతలి మూసిన తలుపు చూపించాను.

"ఆ రెండో గది?"

"బ్యాంకు వాళ్ళ సామానండి. తాళం."

రెండు గదుల మధ్య బట్టలుతుక్కునే చోటు ఉంది. అక్కడ ఒక పళ్ళెంలో ఇసుక, ఇసుక మీద చిన్న మట్టికుండ, కుండ మీద తడిగుడ్డ. ఇసుక నల్లగా తడిసి ఉంది. గంట లోపల ఎవరో నీళ్ళు పోశారు. నేను వంగి గుడ్డ తీశాను. కుండలో నీళ్ళు. నీళ్ళలో ముడివేసిన ప్లాస్టిక్ సంచి. సంచిలో చిన్న గాజు సీసా.

అది ఏమిటో చదవక్కర్లేదు నాకు. ఒక వేసవిలో మా ఫ్రిజ్ పాడైతే సుగుణ మందుని నేను ఇలాగే దాచాను. కరెంటు లేని ఇంట్లో ఇన్సులిన్ చెడిపోకుండా ఉంచే పద్ధతి అది. మనసులో ఏదో ఒక ముడి వదులైంది. తోమా మాస్టారు బతికే ఉన్నారు. ఎవరో ఆయన్ని బతికించాలని చూస్తున్నారు.

నా ఫోను మోగింది. ఆ మూలలో కొంచెం సిగ్నలు ఉన్నట్టుంది. అబ్బులు నంబరు; బాబీ తరఫున చేశానని చెప్పాను.

"అండీ, నేను అబ్బులు భార్యనండి, వరమ్మని. మీ ఫోను ఇప్పుడే చూశాను. ఈయన జ్వరం ఎక్కువై ఆసుపత్రిలో ఉన్నారండి. బాబీ గారికి మాట ఇచ్చాం గాని ఎవర్నీ పంపలేకపోయాం. ఏమీ అనుకోవద్దని చెప్పండి."

"మంగళవారం ఎవరూ రాలేదా అమ్మా?"

"ఎవర్నీ పంపలేదండి. ఈరోజూ పంపలేదు."

"అలాగేనమ్మా. ఆయన్ని జాగ్రత్తగా చూసుకోండి," అన్నాను.

అతను నా వెనకే నిలబడి ఉన్నాడు. చెయ్యి చాపాడు. నేను ఫోను ఇచ్చేశాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు. అతను దాన్ని స్విచ్ ఆఫ్ చేసి జేబులో వేసుకుని, టోపీ తీశాడు. తరవాత మాస్కు తీశాడు. నలభై ఏళ్ళ మొహం, లోపలికి పోయిన బుగ్గలు.

"ఎస్సై గారు రాసింది నా పంచనామాయే అండి," అన్నాడు. "నా పేరు ఆనంద్ పాల్. ఈ ఇల్లు నాది."

నేను గోడకి ఆనుకున్నాను.

"ఈ ఇంట్లో నేను పెట్టించిన గుమ్మాలు చూసి ఎవరూ కొనరని ధైర్యం అండి. బ్యాంకు సీలు కన్నా మంచి కాపలా ఏముంటుంది చెప్పండి. వంటింటి తాళానికి పాత చెవి మా దగ్గర ఉండిపోయింది. మంగళవారం కారు చప్పుడు విని కిందికి దిగేసరికి తలుపు తీశారు. పారిపోదామంటే దారి లేదు. బాబీ గారు నన్ను చూసి కన్ను కొట్టారండి. నాకు అర్థం కాలేదు. ఆయన నన్ను పార్టీ అన్నారు. పార్టీ అయిపోయాను."

"మాస్టారు ఏం చేశారు నిన్ను?"

"ఏం చెయ్యలేదండి. నాకు ఆయనే డ్రిల్లు చెప్పారు. మాస్కు ఉన్నా నడక చూసి గుర్తుపట్టేశారు. ఆనంద్ పాల్, నువ్వు బతికే ఉన్నావా నాయనా అని కళ్ళనీళ్ళు పెట్టుకుని, అక్కడే మోకాళ్ళ మీద పడి దేవుడికి స్తోత్రం చెప్పారండి. ఇంటికెళ్ళి అందరికీ చెప్తానన్నారు." ఆనంద్ పాల్ మొహం చేత్తో తుడుచుకున్నాడు. "నేనేం చెయ్యనండి?"

తరవాత అతను ఒక మాట అడిగాడు. బెదిరింపు అయినా అంత భయం వేసేది కాదు.

"మీకు సూది వెయ్యడం వచ్చునా అండి? మాస్టారు పొద్దున్నుంచి పలకట్లేదు."

రెండో గది తాళం తీశాడు. చీకటి, చెమట వాసన. చాప మీద తోమా మాస్టారు పక్కకి ఒరిగి ఉన్నారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నుదురు చల్లగా, జిగటగా ఉంది. పెదవులు వణుకుతున్నాయి. పిలిస్తే ఏదో గొణిగారు గాని కళ్ళు తెరవలేదు. ఇలాంటి ఒళ్ళు నా చేతులకి తెలుసు. ఎన్ని తెల్లవారుఝాములు సుగుణని ఇలా పట్టుకుని కూర్చున్నానో.

ఆనంద్ పాల్ చేతిలో సిరంజి ఉంది. నిండా ఎక్కించి ఉంది.

"అది కింద పెట్టు."

"ఆయనకి షుగరు ఎక్కువైపోయి ఇలా పడున్నారు కదండీ."

"ఎక్కువ కాదు, పడిపోయింది. పొద్దున్న ఎంత వేశావు?"

"నలభై గీతలండి. రాత్రీ అంతే."

"అన్నం తిన్నారా?"

"నిన్న మధ్యాహ్నం నుంచి ముట్టలేదండి. తినకపోయినా సూది మానకూడదని చెప్పింది."

"ఎవరు?"

అతను సిరంజి వైపు చూస్తున్నాడు. అది చేతిలోంచి జారి నేల మీద పడి దొర్లింది.

"ఇంకొకటి వేసి ఉంటే నీ చేతుల్లోనే పోయేవారు. పంచదార తీసుకురా."

"లేదండి ఇంట్లో." ఏడుపు గొంతుతో అన్నాడు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు తల ఎత్తాడు. "బెల్లం ఉందండి. చెరువు మందులో కలిపేది. పాత డ్రమ్ములో ఉండాలి. షెడ్డులో."

"పరిగెత్తు."

పరిగెత్తాడు. మెట్ల మీద అతని అడుగులు, వంటింటి తలుపు, తరవాత ఏమీ లేదు.

గది తలుపు తెరిచి ఉంది. కింద తలుపు తెరిచి ఉంది. గట్టు మీదికి చేరితే ఏ లారీ అయినా ఎక్కించుకుంటుంది. లేవాలని ఒళ్ళంతా లాగింది. మాస్టారి తల నా ఒళ్ళో ఉంది. నేను వెళ్ళి మనుషుల్ని తెచ్చేలోపు ఆయన ఉండరు. కూర్చున్నాను. ఎంత భయపడ్డా కూర్చోవడం ఒక్కటి నాకు చేతనైన పని. సుగుణ దగ్గరా అదే చేశాను.

అతను వచ్చేశాడు. రెండు చేతుల్లోనూ చీమలు పట్టిన నల్లబెల్లం. చీమల్ని దులిపి, నాలుగు చుక్కల నీళ్ళతో మెదిపి ముద్ద చేశాను. మాస్టారు మింగే స్థితిలో లేరు. ముద్దని వేలితో తీసి కొంచెం కొంచెంగా చిగుళ్ళకీ బుగ్గ లోపలికీ రాశాను. ఆనంద్ పాల్ ఆయన పాదాలు రుద్దుతున్నాడు. ఎంతసేపు అలా చేశామో తెలియదు. మొదట నాలుక కదిలింది. తరవాత గొంతు కదిలింది. అప్పుడు నీళ్ళలో కలిపి చెంచాతో పట్టాను. చాలాసేపటికి కళ్ళు తెరిచారు. చెరువులో పోసే బెల్లంలో కూడా దయ ఉంటుందని నాకు ఇవాళే తెలిసింది.

మాస్టారు ముందు నన్ను చూశారు. పరిచయం లేని మొహం. తరవాత తన పాదాల దగ్గర ఉన్న మనిషిని చూశారు.

"ఆనందూ," అన్నారు మెల్లగా. "చాలురా. తలుపు తియ్యి. ఇంటికి పోదాం."

ఆనంద్ పాల్ తల దించుకున్నాడు.

"తీస్తాను మాస్టారూ."

"నీకు శిక్ష పడకుండా నేను చూడలేను," అన్నాను నేను, "కానీ ఇప్పుడు చేసింది చెప్తాను. ఒకటి చెప్పు. ఉప్పుటేట్లో దొరికిన శవం ఎవరిది?"

"నిజంగా నాకు తెలియదండి. మా ఆవిడ ఉంగరం అడిగితే ఇచ్చాను. ఇన్సూరెన్సు వచ్చేదాకా కనపడకుండా ఉండమంది, ఉన్నాను. మిగతాదంతా బిందు చూసుకుంది. మందు తెచ్చేదీ, అన్నం తెచ్చేదీ, ఫోను లారీలో వేసిందీ తనేనండి. నేను బయటికి రాలేను కదా."

కింద గేటు దగ్గర స్కూటీ ఆగిన శబ్దం వినిపించింది.

అతని మొహంలో రక్తం లేకుండా పోయింది. చటుక్కున లేచాడు. తీస్తానన్న తలుపుని బయటినుంచి మూసి గడియ పెట్టాడు. చెక్క సందులోంచి గుసగుసగా అన్నాడు: "మాట్లాడకండి సార్. నేను చెప్తాను. నేను నెమ్మదిగా చెప్తాను తనకి."

మెట్ల మీద అడుగులు. తేలికైన అడుగులు. ఊగే పలక దగ్గర అవీ ఆగలేదు. క్యారేజీ గిన్నెలు ఒకదానికొకటి తగిలాయి.

"బయట ఆ కారెవరిది?" ఆడగొంతు. మెత్తటి గొంతు.

"ఆ బ్రోకరుది. అతన్ని ఎస్సై తీసుకెళ్ళిపోయాడు. బిందూ, ఒక మాట విను. ఒకాయన వచ్చాడు. మంచాయన. ఇన్సులిన్ సంగతి తెలిసినవాడు."

"ఎక్కడున్నాడు?"

"లోపల."

మాస్టారి చెయ్యి నా చేతిలో ఉంది.

"అన్నం ఇద్దరికే తెచ్చాను," అందామె.

"నాది ఆయనకి పెడతానులే."

"నీది నువ్వు తిను. మాస్టారిది పెట్టు ఆయనకి." క్యారేజీ నేల మీద పెట్టిన చప్పుడు. "నేను చెప్పినట్టు పొద్దున్న సూది వేసే ఉంటావుగా. మాస్టారికి ఈపాటికి అన్నంతో పని ఉండదు."

నా చేతిలో మాస్టారి వేళ్ళు బిగుసుకున్నాయి. ఆయనా విన్నారు.